నాలుగు వేళ్ల మడత

"ఒక్కటంటే ఒక్కటే. కొత్తది ఒక్కటి కొను, చాలు. పాతవి రెండూ నాకొద్దు." జ్యోతి ఈ మాట అనడం అది నాలుగోసారి.

"ఒక్కదాంతోని ఆరు రోజులు ఎట్ల ఎల్లదీస్తవే? దినాం పిండి ఆరేసుకుంటవా? ముసురు పట్టిందంటే తడి స్కర్టు ఏసుకొని పోతవా బడికి?" యాదలక్ష్మి గోకరకాయల తొడిమెలు తుంచుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఫ్యాన్ కింద ఆరేస్త. ఇస్త్రీ చేసుకుంట. నువ్వేం చెయ్యకు, అన్నీ నేనే చేసుకుంట."

"చూసినవా అత్తమ్మా! మూడు ఇస్తనంటే ఒక్కటి చాలంటది. గిసొంటి పిల్ల ఏడన్న ఉంటదా?"

చాయ్ దగ్గర మొదలైన పంచాయతీ కూర పొయ్యెక్కే వేళకు కూడా తెగలేదు. ఎల్బీనగర్ గల్లీలోని ఆ రెండు గదుల ఇంట్లో బడులు తెరిచే ముందు ఆదివారం ఏటా ఇదే ముచ్చట. యాదలక్ష్మి మటుకు ఎప్పుడో తేల్చేసింది. అయిదో తరగతికి పోయే వినయ్‌కి మూడు కొత్త జతలు. వాడు ప్యాంటు మోకాళ్ల దగ్గర చింపుకోకుండా ఇల్లు చేరిన వారం లేదు. ఎనిమిదికి పోయే జ్యోతికి ఒక కొత్త జత, పాత స్కర్టులు రెండు. ఆ రెండింటి లోపల ఇంకా రెండు వేళ్ల మడత మిగిలే ఉంది. విప్పి కిందికి దించితే ఈ ఏడు గడిచిపోతుంది. తొమ్మిదో తరగతి నుంచి ఆడపిల్లలకు ఎలాగూ పంజాబీ డ్రెస్సే. ఒక్క ఏడాది భాగ్యానికి కొత్త స్కర్టులు రెండెందుకు?

కిష్టమ్మ గడపలో కాళ్లు చాపుకొని చాటలో బియ్యం ఏరుతోంది. "మొగపిల్లగాడు మట్టిల పొర్లాడుతడు. వానికి మూడు కావాలె. ఆడపిల్ల బెంచి మీద కుదురుగ కూసుంటది. దానికి ఒకటి కొన్నా ఎక్కువనే" అంది కోడలి పక్షం వహిస్తూ.

"కుదురుగ ఎందుకు కూసుంటున్ననో నీకేం తెల్సు నానమ్మా" అంది జ్యోతి, గోడకు చెప్పినట్టు.

పదకొండు దాటాక యాదలక్ష్మి భర్త సాయినాథ్ వచ్చాడు. పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారంలో ఉన్నప్పుడు ట్రాలీ ఆటోలో సరుకు దించేసి పొద్దున టిఫిన్‌కల్లా ఇంట్లో ఉండేవాడు. అది ఊరి బయటికి తరలిపోయాక టిఫిన్, అన్నం ఒక్కపూటే అయిపోయాయి. సంచిలోంచి నాలుగు మామిడిపండ్లు తీసి కిష్టమ్మ చాట పక్కన పెట్టి, "ఇంకా తెగలేదా గీ లొల్లి? రెండు కొని పడెయ్యరాదు లక్ష్మీ" అన్నాడు.

"నువ్వు ఊకో. కొనుడు ఎంతసేపు? ఎందుకో చెప్పమను. గుడ్డ చినగలే. రంగు పోలే. పిల్ల ఎదిగినకొద్ది నేను దించుకుంట వస్తున్న. నేను కుట్టే యూనిఫాం దుకాణంల తల్లులందరు నన్ను పట్టుకొని అడుగుతరు, మడత ఎట్ల పెట్టినవమ్మా అని. ఇంట్లనేమో దీనికి నచ్చదు."

రంగు పోలేదన్న మాటకు జ్యోతి తల్లి వైపు చూసింది.

"సరే గానీ," సాయినాథ్ కాళ్లు కడుక్కొచ్చి గోడకు ఆనుకున్నాడు. "మీ పీఈటీ సారు ఫోన్ చేసిండు బిడ్డ. గురువారం బడి తెరిచిన రోజే ఆగస్టు పరేడ్‌కు లీడర్‌ను తీసుకుంటడట. 'జ్యోతి పొడుగు, నడక మంచిగుంటది. పోయినేడు రెండు రోజులు జెండా పట్టి నడిచి మోకాలు నొప్పన్నది. ఈసారి కూడ అట్లనే అంటే ఇంకో పిల్లను చూసుకుంట' అన్నడు. ఏం చెప్పమంటవ్?"

"నొప్పి పోలే డాడీ."

"గోలీలు మింగుతున్నవా లేదా?" కిష్టమ్మ చాట ఆపింది.

"మింగుతున్న."

"చైతన్యపురి డాక్టరేమో ఎక్స్‌రే తీసి ఎముక మంచిగున్నది అన్నడు. ఆర్నెల్ల సంది కాల్షియం గోలీలు నడుస్తనే ఉన్నయి. అత్తమ్మ నూనె రుద్దుతనే ఉన్నది." యాదలక్ష్మి గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. జ్యోతి జెండా పట్టి నడిచిన ఆ రెండు రోజుల్లో ఒకనాడు, పని మీద పోతూ బడి గేటు దగ్గర ఆగి చూసిందామె. గ్రౌండులో ఆ చివర వరసలకు ముందు, ఎర్రటి ఎండలో, చెయ్యి చాచి నడుస్తున్నది తన పిల్లేనని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. అంత పొడుగు ఎప్పుడెదిగిందో అనుకుంది. "అందరి ముంగట నడిచే పిల్ల. ఏం దిష్టి తగిలిందో."

జ్యోతి లేచి తడిబట్టల బకెట్లు రెండు చేతుల్లో రెండు పట్టుకొని మేడ మెట్లెక్కింది. మోకాలు నొప్పి పిల్ల మెట్లు అట్లా ఎక్కుతుందా అని యాదలక్ష్మికి ఒక్క క్షణం అనిపించింది గానీ, ఇంతలో పోపు మాడు వాసన వచ్చింది.

*

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఉంది సూర్యప్రభ గారి యూనిఫాం దుకాణం. ఏడాదిలో పది నెలలు యాదలక్ష్మి ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటుంది. మే, జూన్ రెండు నెలలు మాత్రం ఈ దుకాణం వెనక భాగంలో, మిషన్ ముందు. సోమవారం నాడు నిలబడడానికి చోటు లేదు. బడుల పేర్లు రాసిన అట్టముక్కల కింద బట్టలు గుట్టలుగా ఉన్నాయి. పిల్లలు ఒంటికాలి మీద ప్యాంట్లు తొడుక్కుంటున్నారు. తల్లులు వాళ్ల నడుముల్లో వేళ్లు దూర్చి ఎంత వదులుందో చూస్తున్నారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట: రెండేళ్లు రావాలి.

రెండేళ్లు రప్పించడం యాదలక్ష్మి పని. పిల్లను పీట మీద నిలబెట్టి, స్కర్టు అంచు మీద నాలుగు వేళ్లు బల్లపరుపుగా ఆనించి, సుద్దతో గీసి, లోపలికి మడుస్తుంది. ఆ మడత లోపల ఇంకో మడత. మిషన్ కుట్టు వేస్తే విప్పినప్పుడు సూది బొక్కలు కనబడతాయని, చేత్తోనే తుర్పాయి చేస్తుంది, దారం ఒకచోట తెంపి లాగితే మొత్తం ఊడి వచ్చేలా. విప్పడానికి వీలుగా కుట్టడం అందరికీ చేతకాదు. అందుకే నాలుగు వేళ్ల మడత అంటే ఆ గల్లీలో యాదలక్ష్మి పేరే చెబుతారు.

మధ్యాహ్నం రామమోహనరావు గారనే పెద్దాయన మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. ముదురు నీలం స్కర్టు. జ్యోతి, వినయ్ చదివే బడిదే.

"అమ్మాయ్, ఆ మడత పెట్టేది నువ్వేనటగా? మా పక్కింటావిడ ఒకటే పొగడ్డం. దీనికి రెండేళ్లు రావాలి. మూడొస్తే మరీ సంతోషం."

"వస్తది సార్." యాదలక్ష్మి నోట్లో గుండుసూదులు పట్టుకొని మోకాళ్ల మీద కూర్చుంది.

"తాతయ్యా, నాకు మడత వద్దు" అంది పిల్ల పీట మీది నుంచి.

"ఏమే?"

"దించాక గీత పడుతుంది."

"పడితే పడనీ. కాళ్ల దగ్గర ఎవరు చూడొచ్చారు?"

"అందరూ చూస్తారు. మా స్కూల్ ఆటోలో ఒక అక్కని జీబ్రా అంటారు తెలుసా?"

పెద్దాయన నవ్వాడు. యాదలక్ష్మి కూడా నవ్వబోయింది. నోట్లో సూదులున్నాయి కాబట్టి ఆగింది.

"ఆ అక్క స్కర్టు పైన తెల్లగా ఉంటుంది. తర్వాత కొంచెం నీలం. కిందకొచ్చేసరికి బాగా నీలం. పరేడ్‌లో సార్ ముందు నిలబెడితే పెద్దబ్బాయిలందరూ 'జీబ్రా క్రాసింగ్, ఆగండి ఆగండి' అని అరిచారు. ఇంక అక్క మర్నాటి నుంచి పరేడ్‌కి రాలేదు."

యాదలక్ష్మి నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి చీర కుచ్చిళ్లకు గుచ్చుకుంది. "ఏ అక్క?" అంది.

"జ్యోతక్క. ఎల్బీనగర్‌లో ఎక్కుతుంది."

"నువ్వు కూడ అంటవా గట్ల?"

"నేనెందుకంటాను?" పిల్ల కోపంగా చూసింది. "నాకు సీటిస్తుంది. ఎప్పుడూ బ్యాగు ఒళ్లో పెట్టుకునే కూర్చుంటుంది, స్కర్టు కనపడకుండా. నా బ్యాగు కూడా దాని మీదే పెట్టుకుంటుంది. బరువని కూడా అనదు."

యాదలక్ష్మి నాలుగు వేళ్లూ ఆ పిల్ల స్కర్టు అంచు మీద అప్పటికే ఆని ఉన్నాయి. వాటిని చూసుకుంది. సూదులు గుచ్చుకున్న చుక్కలతో చూపుడువేలు గరుకుగా ఉంది. మూడు వేళ్లు మెల్లగా వెనక్కి తీసి, ఒక్క వేలు మందాన సుద్ద గీసింది.

"గీంత చాలు సార్."

"అదేంటమ్మా? ఇంత దూరం వచ్చింది మడత కోసమేగా!"

"దించినంక గీత పడతది."

"పడకుండా నువ్వు చేస్తావన్నారే!"

"పడతది సార్" అంది యాదలక్ష్మి. "గిన్నేండ్లు పడదనుకున్న."

పిల్ల పీట మీంచి గంతేసి దిగింది. పెద్దాయన గొణుక్కుంటూ వెళ్లాక సూర్యప్రభ గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి తల వంచి చూశారు. "ఏంటి యాదలక్ష్మీ, మడత లేకపోతే జనం ఏటా వచ్చి కొంటారు. నాకు మంచిదే. నీకేమైందని?"

"ఏం లేదు మేడమ్. జర తల నొస్తున్నది."

సాయంత్రం దాకా ఇంకో పదకొండు స్కర్టులు వచ్చాయి. అడిగినవాళ్లకు అడిగినంత మడిచి ఇచ్చింది. ఎవరి పిల్లల సంగతి వాళ్లకు తెలియాలి. ఆమె చేతులు మాత్రం అలవాటు లేనట్టు ఆగి ఆగి కదిలాయి.

*

మంగళవారం పొద్దున దుకాణానికి పోయే ముందు యాదలక్ష్మి పెట్టెలోంచి పాత స్కర్టులు రెండూ తీసుకొని మేడ మీదికి వెళ్లింది. తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది.

ఇంట్లో బట్టలన్నీ తిరగేసి ఆరేయడం ఆమె పెట్టిన పద్ధతి. ఎండ తగిలితే పైరంగు వెలిసిపోతుందని పిల్లలిద్దరికీ తిట్టి మరీ నేర్పింది. ఆరాక చీకటి గదిలో ట్యూబులైటు కింద, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసేది. గీత మీద పెట్టె ఆనించి పది అంకెలు లెక్కపెట్టేది. ఇస్త్రీపెట్టె ఎత్తి చూస్తే గీత ఉండేది కాదు. అందుకే ఈ మూడేళ్లలో ఆ స్కర్టులను సరైన వైపున, పగటి ఎండలో పరిచి, ఒక్కసారి కూడా తేరిపార చూడలేదు.

ఇప్పుడు దండెం మీద సరిగ్గా వేసి రెండడుగులు వెనక్కి జరిగింది.

నడుము నుంచి కింద దాకా స్కర్టు బూడిద కలిసిన నీలంగా ఉంది. ఆ కింద రెండు వేళ్ల పట్టీ, ఆరులో దించినది, కాస్త ముదురు. ఆ కింద ఇంకో రెండు వేళ్లు, ఏడులో దించినది, ఇంకా ముదురు. పట్టీకీ పట్టీకీ మధ్య తెల్లటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు. చేతిలోని అరబ్లేడుతో మిగిలిన మడత దారం ఒకచోట తెంపి చూసింది. లోపలి గుడ్డ సిరాలో ముంచినట్టుంది. అది కూడా దించితే మూడు పట్టీలు. ఇన్నాళ్లూ ఆ లోపలి రంగు చూసి గుడ్డ ఎంత మంచిదో అని మురిసిపోయేది.

ట్యాంకు పక్కన వినయ్ ఒక్కడే గోడకు బంతి కొట్టి పట్టుకుంటున్నాడు.

"వినయ్, ఇటు రా. మీ అక్కను ఆటోల ఏమంటరు?"

వాడు బంతి చంకలో పెట్టుకొని మెట్ల వైపు చూశాడు. "అక్క చెప్పొద్దన్నది."

"నాకు తెల్సు గానీ, చెప్పు."

"తెలిస్తే మల్ల ఎందుకడుగుతున్నవ్?"

"నువ్వు విని ఊకున్నవా?"

"ఊకుంటనా! ఇద్దరిని కొట్టిన. వాళ్లు ఎయిత్ వాళ్లు, నన్ను కూడ కొట్టిన్రు. కింద పడ్డ. ప్యాంటు గట్లనే చినిగింది." నిజం చెప్పాలన్నట్టు, "అన్నిసార్లు కాదు. మూడు సార్లే. మిగిలినయి క్రికెట్ల చినిగినయి" అన్నాడు.

యాదలక్ష్మి వాడి బనియన్ భుజం మీదికి సర్ది, "పో, ఆడుకో" అంది.

మెట్ల మీద చప్పుడైంది. జ్యోతి బట్టల క్లిప్పుల డబ్బా పట్టుకొని వచ్చి, దండెం మీద స్కర్టులను, తల్లి చేతిలో బ్లేడును చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. మూడు రోజుల వాదం అక్కడే దింపేసినట్టు, "దించుతున్నవా? దించు. రెండూ ఏసుకుంట. కొత్తది కూడ ఒద్దు పో" అంది.

ఆదివారం నుంచీ యాదలక్ష్మి వినాలనుకున్న మాట అదే. తీరా వింటే చెవిలో గుచ్చుకుంది.

"నిలబడు. కొలత తీసుకోవాలె."

"పాతదానికి కొలతెందుకు?"

"నిలబడమంటున్న గదా."

మెడలో వేలాడే టేపు తీసి నడుము దగ్గర ఒక కొస పట్టుకోమని జ్యోతికే ఇచ్చి, తను కింద కూర్చుంది. మోకాలి చిప్ప కింద టేపు ఆగిన చోట బొటనవేలితో నొక్కి పట్టింది. మోకాలు నున్నగా, నల్లగా, కిష్టమ్మ రుద్దిన నూనెతో మెరుస్తోంది. దానిలో ఏ లోపమూ లేదు. నీకెందుకు చెప్పలేదే అని అడగాలనిపించింది. అడిగితే ఆ పేరు పిల్ల తన నోటితో పలకాల్సి వస్తుంది. ఆ పేరు పెట్టించింది ఎవరి చేతులో కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకేనేమో ఏడాదిగా మోకాలు నొప్పి అంటూ వచ్చింది.

"ఎన్ని వేళ్లు కలుపుతున్నవ్?" పైనుంచి జ్యోతి అడిగింది.

"ఏం కలపలే."

జ్యోతి నమ్మనట్టుగా టేపు కొస వదిలేసి, క్లిప్పులు ఒక్కొక్కటే దండేనికి పెట్టసాగింది.

*

బుధవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచినప్పుడు యాదలక్ష్మి లేవలేదు. రాక్‌లోంచి ముదురు నీలం స్కర్టులు రెండు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇవి నా పైసలల్ల పట్టుకోండ్రి మేడమ్."

సూర్యప్రభ గారు సైజు చీటీ చూశారు. "మీ అమ్మాయికేనా? పొడుగు పిల్ల కదా, దీని పైసైజు తీసుకో. ఏటా నువ్వే చెబుతావుగా అందరికీ, రెండు సైజులు పైకి పొమ్మని."

"ఈ సైజే సరిపోతది."

"ఏడాది తిరక్కముందే పొట్టయిపోతుంది."

"కానీయండ్రి."

ఆవిడ కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, పుస్తకంలో రాసుకున్నారు.

యాదలక్ష్మి మిషన్ దగ్గర కూర్చుని అంచు ఒక్క వేలు మడిచింది. అలవాటు కొద్దీ చెయ్యి సూదీదారం వైపు పోయింది. ఆపుకుంది. స్కర్టు అంచును మిషన్ పాదం కిందికి జరిపి, చక్రం తిప్పి, చుట్టూ కుట్టు వేసింది. దగ్గర దగ్గర కుట్టు, మళ్లీ విప్పే పని లేని కుట్టు. అది కూడా చాలక మొదలూ చివరా రెండు సార్లు వెనక్కీ ముందుకూ తొక్కి ముడి బిగించింది. రెండు స్కర్టులకూ కలిపి పావుగంట పట్టలేదు. తుర్పాయి అయితే గంటన్నర పని.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. కవరు తీసుకెళ్లి బీరువా మీద పెట్టింది. అన్నం గిన్నె దించడానికి మసిగుడ్డ కోసం చూసి, పాత స్కర్టు ఒకటి నాలుగు మడతలు వేసి నేల మీద పరిచి, దాని మీద గిన్నె పెట్టింది.

అందరూ కూర్చున్నారు. సాయినాథ్ అన్నంలో పప్పు కలుపుతుండగా కిష్టమ్మ కనిపెట్టింది.

"గదేందే? జ్యోతి స్కర్టు గాదు? మంచిది గిన్నె కింద ఎందుకు పెట్టినవ్?"

గిన్నె కింది నుంచి మూడు నీలాలూ కనబడుతున్నాయి. జ్యోతి కూడా చూసింది.

"మంచిది కాదత్తమ్మా. ఎండల చూసిన, రంగు పోయింది." యాదలక్ష్మి వినయ్ కంచంలో నెయ్యి వేసి, మూత పెట్టి, గోడ దగ్గరకు జరిపింది. "జ్యోతికి రెండు జతలు తెచ్చిన. స్కర్టులు బీరువా మీదున్నయి, షర్టులు రేపు పొద్దుగాల ఇస్త్రీ అయితయి. వినయ్‌కి కూడ రెండే. మూడొద్దు. ఇద్దరికీ మడతలు లేవు."

"మొగపిల్లగానికి రెండేం సరిపోతయే? వాడు చింపుకోకుంటడా?"

"ఈ ఏడు అంతగనం చింపుకోడు."

వినయ్ తలెత్తి అమ్మను, అక్కను మార్చి మార్చి చూసి, "నాకు ఒక్కటైనా ఓకే నానమ్మా. బూట్లు మాత్రం కొత్తయి కావాలె" అన్నాడు.

"నోరు మూసుకొని తిను. మరి మడత లేకుంటే వచ్చే ఏడు ఎట్లనే?" కిష్టమ్మ వదల్లేదు.

"వచ్చే ఏడు ఎంత పొడుగుంటే అంత కొంటం."

సాయినాథ్ భార్య వైపు చూశాడు. రెండు కొనమని ఆదివారం తనూ అన్నాడు. ఆ సంగతి గుర్తు చేద్దామనుకొని, ఆమె ముఖం చూసి పప్పు వడ్డించుకున్నాడు.

"ఇంకో ముచ్చట," అంది యాదలక్ష్మి, ఎవరి వైపూ చూడకుండా, గరిటెతో అన్నం పొడి చేస్తూ. "ఆ కాల్షియం గోలీలు రేపటి నుంచి బంద్. నూనె రుద్దుడు కూడ బంద్ అత్తమ్మా."

"అదేందే? మరి పిల్ల మోకాలు?"

అందరూ జ్యోతి వైపు తిరిగారు. జ్యోతి తల్లిని చూస్తోంది. తల్లి గరిటె ఆపలేదు. పొడి చేయాల్సిన అన్నం అక్కడ ఇంకా చాలా ఉన్నట్టు, గిన్నె చుట్టూ మెల్లగా తిప్పుతూనే ఉంది. జ్యోతి బీరువా మీది కవరు వంక చూసి, మళ్లీ కంచంలోకి చూసుకుంది. ఒక ముద్ద కలిపింది. తినలేదు.

"తగ్గింది నానమ్మా" అంది. "డాడీ, సారుకు నువ్వు ఫోన్ చెయ్యకు. రేపు పొద్దుగాల నేనే చెప్పుకుంట, జెండా పట్టుకుంటనని."